ఆడపిల్లకు అరుదైన, ముచ్చటైన పేరు: గోదావరి వైపు వారు తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్ళకు పైగా కోనసీమ బడుల్లో తెలుగు చెప్పి, హాజరు పట్టీలో కొన్ని వేల పేర్లు పిలిచిన మనిషిని కావడం వల్ల, ఊళ్ళో ఎవరింట పురుడు వచ్చినా పేరు సంగతి అడగడానికి నా దగ్గరకు వస్తూ ఉంటారు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

అరుదైన పేరంటే ఎవరూ విననే వినని పేరా?

కాదు. వినని పేరు వేరు, వాడుక తగ్గిన పేరు వేరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే తరగతిలో నలుగురు సత్యవతులు ఉండేవారు. అన్నవరం సత్యదేవుడికి మొక్కుకున్న ఇళ్ళు అన్ని ఉన్నాయన్నమాట. ఉద్యోగం చివరి ఏళ్ళలో ఆ నలుగురి స్థానంలో నలుగురు హర్షితలు వచ్చారు. రెండు కాలాల్లోనూ పిల్లలను ఇంటిపేరులోని మొదటి అక్షరంతో కలిపి పిలవవలసి వచ్చేది. ఆ అవసరం రానిది అరుదైన పేరు. అయితే విన్నవారు రెండోసారి అడగకుండా పలకగలగాలి, అర్థమేమిటని అడిగితే పిల్ల తడుముకోకుండా చెప్పగలగాలి. అటువంటి పేర్ల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మన రేవుల్లో, గుళ్ళలో, పూలమడుల్లో, నన్నయగారి పద్యాల్లో కావలసినన్ని ఉన్నాయి.

పేరు ఎన్నాళ్ళలోగా నిర్ణయించుకోవాలి?

ఆనవాయితీ ప్రకారం పదకొండో రోజునగాని, ఇరవై ఒకటో రోజునగాని బారసాల చేస్తారు. చట్టం ప్రకారం కూడా పుట్టిన 21 రోజుల్లోగా జననాన్ని నమోదు చేయించాలి. ఈ రెండు లెక్కలూ ఒకచోట కలవడం కాకతాళీయమే అయినా సౌకర్యంగానే ఉంది. నమోదు నాటికి పేరు తేలకపోతే కంగారు పడనక్కరలేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు లేకుండా కూడా జననాన్ని నమోదు చేయనిస్తుంది. నమోదైన తరువాత 12 నెలల్లోపు ఏ రుసుమూ లేకుండా, ఆపైన 15 ఏళ్ళ వరకు కొద్దిపాటి రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. కానీ 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, మరీ ఆలస్యం చేయడం మంచిది కాదు.

నక్షత్రాన్ని బట్టి వచ్చిన అక్షరంతోనే పేరు మొదలవ్వాలా?

పాటించాలనుకుంటే పాటించవచ్చు. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 పాదాలు, పాదానికొక అక్షరం. చంద్రుడు ఒక నక్షత్రాన్ని సుమారు ఒక రోజులో దాటుతాడు కనుక పాదం దాదాపు ఆరు గంటలకు మారుతుంది. అందుకే పుట్టిన వేళను సరిగా రాసిపెట్టుకోమంటారు. చిక్కెక్కడంటే, ఆర్ద్ర మూడో పాదానికి "ఙ", హస్త మూడో పాదానికి "ణ" వస్తాయి. ఆ అక్షరాలతో మొదలయ్యే పేరు తెలుగులో ఎవరు పెట్టగలరు? పెద్దలు దీనికి ఎప్పుడో మార్గం చూపించారు: సంకల్పంలో చెప్పుకోవడానికి జన్మనామం ఒకటి, నలుగురూ పిలవడానికి వ్యవహారనామం మరొకటి. అక్షరం కుదరనప్పుడు దానికోసం అర్థం లేని పేరును అల్లడం కంటే ఈ పద్ధతే నయమని నా అభిప్రాయం.

ఆడపిల్ల పేరుకు నదుల పేర్లు కూడదని శాస్త్రంలో ఉందటగా?

పారస్కర గృహ్యసూత్రం ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసి సంఖ్యలో ఉండాలని, చివర "ఆ"కారం రావాలని చెబుతుంది. మనుస్మృతి రెండో అధ్యాయంలో స్త్రీల పేర్లు సులభంగా పలికేవిగా, కటువుగా లేనివిగా, అర్థం స్పష్టమైనవిగా, మనసుకు హాయినిచ్చేవిగా ఉండాలని, చివర దీర్ఘం ఉండాలని ఉంది. ఆ మాట ఈనాటికీ చక్కగా పనికొస్తుంది. అదే గ్రంథం మూడో అధ్యాయంలో మాత్రం నక్షత్రం, చెట్టు, నది, కొండ, పక్షి పేర్లున్న కన్యను పెళ్ళాడవద్దని ఉన్న మాట నిజమే. ఆ లెక్కన రోహిణి, రేవతి, గంగ, గోదావరి, మాలతి పేర్లున్న వారెవరికీ మన జిల్లాల్లో పెళ్ళి కాకూడదు. మా అమ్మమ్మ పేరు గోదావరి, ఆవిడకు తొమ్మిదిమంది పిల్లలు. డెల్టావాళ్ళు ఈ ఒక్క నియమాన్ని ఏనాడూ లెక్కపెట్టలేదు.

గౌతమి, గోదావరి అన్నవి ఇప్పటికే చాలామందికి ఉన్నాయి. నది వైపు నుంచి వేరే పేర్లు దొరకవా?

దొరుకుతాయి, కొంచెం దిగువకు నడవాలి. ధవళేశ్వరం ఆనకట్ట దాటాక నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. సప్త గోదావరులుగా చెప్పుకొనే పాయల పేర్లలో ఆత్రేయ, కౌశిక, భారద్వాజ కూడా వినబడతాయి. ఇవన్నీ ఎక్కువగా ఋషులకు సంబంధించిన పేర్లు కనుక వీటికి స్త్రీరూపాలు సహజంగానే ఉన్నాయి. ఆత్రేయ నుంచి ఆత్రేయి, కౌశిక నుంచి కౌశికి వస్తాయి. కౌశికి పార్వతికి కూడా పేరే. వైనతేయుడంటే వినత కొడుకైన గరుత్మంతుడు. కాబట్టి పి.గన్నవరం వైపు వైనతేయ ఒడ్డున ఉన్నవాళ్ళు తమ పిల్లకు వినత అని పెట్టుకుంటే ఆ పాయ పేరుకు మూలమైన తల్లి పేరు పెట్టుకున్నట్టే. అణకువ గలది అన్న అర్థం దానికి అదనం.

ఆత్రేయి గురించి ఇంకో మాట చెప్పాలి. భవభూతి ఉత్తరరామచరితంలో ఆత్రేయి అనే ఆమె వేదాంతం చదువుకోవడానికి వాల్మీకి ఆశ్రమం విడిచి, దండకారణ్యంలో అగస్త్యాదుల దగ్గరకు నడిచి వస్తుంది. లవకుశుల చురుకుదనాన్ని తాను అందుకోలేకపోతున్నానని చెప్పి మరీ వస్తుంది. చదువుకోసం ఒంటరిగా అడవి దాటిన ఆడమనిషి పేరు కూతురికి పెట్టుకోవడానికి అంతకంటే కారణమేం కావాలి? అదే నాటకంలో రాముడిని కనిపెట్టి ఉండమని గోదావరికి అగస్త్యుడి భార్య లోపాముద్ర పంపిన కబురు తెచ్చే నది పేరు మురళ. మురళి అన్న మగపేరు ఊరికి పదిమందికి ఉన్నా, మురళ అన్న పిల్ల నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇక ఒక ముందుచూపు మాట. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్ళకొకసారి వస్తాయి. 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో వస్తాయి. ఆ ఏడాది పుట్టినవారిలో గౌతములు, గంగలు ఒక్కసారిగా పెరుగుతారు, కనుక అరుదైన పేరు కావాలనుకునేవారు ఆ ఏటికి నది పేరును వదిలిపెట్టడం మేలు.

మా ఇలవేల్పు పేరు కలిసిరావాలి, కానీ పాతగా ఉండకూడదు. ఎలా?

అమ్మవారి పేరులో ఏ ముక్క తీసుకుంటున్నామన్నదే ఇక్కడ కీలకం. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి సరసన ఉన్న అమ్మవారు మాణిక్యాంబ. మాణిక్యం, మాణిక్యాంబ అన్నవి తాతల నాటి పేర్లుగా తోచవచ్చు గాని మాణిక్య అంటే ఎవరికీ పాతగా అనిపించదు, అమ్మవారూ దూరం కారు. పిఠాపురంలో పురుహూతిక ఉంది. ఆ పేరు గంభీరమైనదే కాని ఒకటో తరగతి పిల్ల తన పేరు తాను రాసుకోవడానికి సంక్రాంతి సెలవుల దాకా పడుతుంది. భీమవరం మావుళ్ళమ్మ, కాకినాడ నూకాలమ్మ పేర్లను విరిచి కొత్తవి చేయాలని చూసినవారు ఉన్నారు. ఆ రెండూ మొక్కుబడిగా వెనక చేర్చుకోవడానికే బాగుంటాయి.

మొక్కులు చాలా ఉన్నాయి. అన్నీ పేరులో పెట్టవచ్చా?

మన వైపు "వీర వెంకట సత్య నాగ దుర్గా భవాని" వంటి పేర్లు కొత్త కాదు. ముందున్న నాలుగు మొక్కులూ పొడి అక్షరాలైపోతాయి, వాటికి ఇంటిపేరు అక్షరం తోడవుతుంది, చివరకు పిల్లను భవాని అంటారు. దేవుళ్ళకు అభ్యంతరం ఉండదు గాని దరఖాస్తు కాగితంలోని గళ్ళకు ఉంటుంది. ఒక చోట పూర్తిగా, మరొక చోట పొడి అక్షరాలుగా పడిన పేరును ఒకటే మనిషిదని నిరూపించుకోవడానికి తిరిగిన నా పూర్వ విద్యార్థినులు ఎందరో. మొక్కు ఒకటికి మించకుండా చూసుకోండి. మిగిలినవాటిని తలనీలాలతో తీర్చుకోవచ్చు.

నాయనమ్మ పేరు పెట్టాలని మావారి కోరిక. నాకు మొహమాటంగా ఉంది.

ఈ చిక్కు మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నదే. అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదన్న పట్టింపు వల్ల, పిల్లకు నాయనమ్మ పేరు పెట్టినా తల్లి మాత్రం అమ్మాజీ అనో, బుల్లెమ్మ అనో, చిట్టి అనో పిలుచుకునేది. గోదావరి జిల్లాల్లో ఇన్ని వేలమంది అమ్మాజీలు, బుల్లెమ్మలు ఉండడానికి ఇదీ ఒక కారణమే. ముచ్చటేమిటంటే, ఇప్పుడు అసలు పేర్లకంటే ఆ ముద్దుపేర్లే అరుదైపోయాయి. పట్టింపు లేని ఇంట్లోనైతే పాతపేరును ఉన్నదున్నట్టు పెట్టుకోవడానికి వెనకాడవద్దు. పేరిందేవి, వరహాలు, ముత్యాలు, సీతమ్మ వంటివి రెండు తరాలుగా ఎవరూ పెట్టకపోవడం వల్ల ఈనాడు కొత్తగా వినబడతాయి. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరును 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి పెట్టింది. అంటే సీతమ్మ అన్న పేరును రోజూ బడిలో వింటున్నాం, పిల్లలకు మాత్రం పెట్టడం లేదు.

పాతపేర్లలో ఒకదానికి మాత్రం అన్యాయం జరిగింది. కాకినాడ దగ్గర 1924లో పుట్టిన నటి సూర్యకాంతం గయ్యాళి అత్త వేషాల్లో ఎంతగా జీవించిందంటే, ఆ తరువాత కూతురికి సూర్యకాంతం అని పేరు పెట్టే ధైర్యం తెలుగువాళ్ళెవరికీ లేకపోయిందని చెప్పుకొంటారు. ఎండ తగిలితే నిప్పు పుట్టించే మణి ఆ పేరుకు అర్థం. ఇంతకాలానికి ఎవరైనా తెగించి పెడితే మొదటి ముద్ద పరమాన్నం నేనే తినిపిస్తాను.

పద్యాల్లో, పాటల్లో పేర్లు ఉంటాయని మీరు తరచూ అంటారు. అవేమిటి?

నాకు మిక్కిలి ఇష్టమైన ప్రశ్న ఇది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతాంధ్రీకరణ మొదలుపెట్టిన నాటి నుంచి మనకు అలవాటైన వృత్తాల పేర్లను ఒకసారి పైకి చదివి చూడండి: ఉత్పలమాల, చంపకమాల, తరళ, మాలిని, మానిని, పృథ్వి, స్రగ్ధర, స్రగ్విణి. ఇవి బడిలో గణవిభజన కోసం బట్టీపట్టినవి కనుక మనకు పరీక్షలే గుర్తొస్తాయి గాని, విడిగా వింటే ఒక్కొక్కటీ ఒక ఆడపిల్ల పేరు. ఉత్పల అంటే కలువ. చంపక అంటే సంపెంగ. స్రగ్విణి అంటే పూలదండ ధరించినది. తరళ అంటే చలించేది, మెరిసేది. హారం మధ్యలో ఉండే మణిని కూడా తరళమనే అంటారు. మూడక్షరాలు, ఒత్తులు లేవు, చంటిపిల్ల పలకగలదు.

మా మనవరాలు స్వాతి నాలుగో పాదంలో పుట్టింది, అక్షరం "తా". మా వియ్యంకుడుగారు "తారక" అన్నారు, ఆయన చెల్లెలు "తన్వి" అంది. నేను "తరళ" అన్నాను. మా అమ్మాయి ఆ మాటను రెండుసార్లు నెమ్మదిగా పలికి, మూడోసారి ఒళ్ళో ఉన్న పిల్లను చూసి పిలిచింది. అంతటితో తేలిపోయింది. బారసాల నాడు ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, అల్లుడిగారు ఉంగరంతో పేరు రాస్తుంటే "ళ" దగ్గర గింజలు జారి ఆ సున్న పూడిపోయింది. మేనత్త మళ్ళీ సర్దమంది. ఆయన రెండోసారి ఇంకాస్త పెద్దగా రాసి, చెవిలో మూడుసార్లు చెప్పారు.

రాగాల్లో సావేరి, శ్రీరంజని, నీలాంబరి, అమృతవర్షిణి నాకు నచ్చినవి. జోలపాటలకు పేరుపడ్డ రాగం నీలాంబరి, కాబట్టి ఉయ్యాలలోని పిల్లకు అంతకంటే ఒప్పే పేరు లేదు. భారతంలోని స్త్రీలలో తపతి, దేవయాని, ప్రమద్వర అరుదుగా ఉంటాయి. సూర్యుడి కూతురు తపతి. ఆమె పేరిట నది కూడా ఉంది. ప్రమద్వరకు ఆమెను పెళ్ళాడబోతున్న రురుడు తన ఆయుర్దాయంలో సగం ఇచ్చాడు.

సంస్కృతం వద్దు, అచ్చతెలుగు పేరే కావాలి.

వెన్నెల ఇప్పుడు ఊరూరా ఉంది. వేకువ, తొలకరి, నెలవంక, మువ్వ, దీవెన, సిరి, కలువ, చేమంతి ఇంకా అంతగా వాడుకలోకి రాలేదు. తొలకరి అంటే మనకు సార్వా ఊడ్పులకు ముందు పడే మొదటి వాన, నారుమడి వాసన. ఆ రోజుల్లో పుట్టిన పిల్లకు ఆ పేరు ఎంత సొంపుగా ఉంటుందో వరి పండించే ఇంటివారికి వేరే చెప్పనక్కరలేదు. చేమంతి అన్న పేరు పూల అమ్మకాలకు పేరుపడ్డ కడియపులంక వైపు వారికి పూలబుట్టను గుర్తుకు తెస్తుంది కనుక వాళ్ళు నవ్వవచ్చు, మిగిలినవారు మురుస్తారు. మొల్ల అన్నది పువ్వు పేరూ, కవయిత్రి పేరూ కూడా.

ఇంటర్నెట్‌లో దొరికే పేర్ల జాబితాల్లోని అర్థాలు నమ్మవచ్చా?

సరిచూసుకోకుండా నమ్మకండి. ఆ జాబితాల్లో అర్థం తెలియని పేర్లన్నిటికీ లక్ష్మీదేవి అనో, పార్వతీదేవి అనో రాసి ఉంటుంది. పిఠాపురం రాజావారి పేరు మీద వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉచితంగా వెదుక్కోవచ్చు. ఐదు నిమిషాల పని. వేదానికి సంబంధించినదనుకొని "వేదన" అని పెట్టబోయినవారిని నేను ఆపాను. వినడానికి మెత్తగా ఉందని "రుధిర" అన్నవారినీ ఆపాను, రుధిరమంటే నెత్తురు. నిహారిక అని రాసేది నిజానికి నీహారిక, అంటే మంచుతెర. తేజస్వి, మనస్వి, యశస్వి మగవారికి చెల్లే రూపాలు. ఆడపిల్లకైతే తేజస్విని, మనస్విని, యశస్విని అనాలి. అనామిక అంటే పేరు లేనిది. పేరు రాసే ఉంగరం తొడిగే వేలికి కూడా అదే పేరు కావడం తమాషా.

ఇంటిపేరుతో కలిపి చూసుకోవాలా?

తప్పకుండా, పైకి పలికి చూసుకోవాలి. ఉప్పు వారింట సాగరిక, నక్కా వారింట మృగనయని పుడితే ఆ పిల్లలు పదో తరగతి దాటేదాకా పడే పాట్లు నాకు తెలుసు. నమోదు చేయించేటప్పుడు ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు గళ్ళు ఉంటాయి.

ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలి?

మనం "త"కు టి పక్కన హెచ్ చేరుస్తాం, ఉత్తరాదివారు దానిని "థ" అని చదువుతారు. హెచ్ లేకుండా రాస్తే మనవాళ్ళే "ట" అంటారు. దీనికి రెండు వైపులా ఒప్పే పరిష్కారం లేదు. ఏదో ఒకటి నిర్ణయించుకొని, జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టరు మూడింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉంచండి. పేరులో "ళ", "ణ" ఉంటే బయటి రాష్ట్రాల్లో అవి "ల", "న" అవుతాయని ముందే మనసు సిద్ధం చేసుకోండి.

క్రైస్తవ, ముస్లిం కుటుంబాలవారికి మీ సలహా ఏమిటి?

పద్ధతులు వేరైనా ప్రశ్న ఒక్కటే. ముస్లిం ఇళ్ళలో ఏడో రోజున అఖీఖా చేసి పేరు పెడతారు. షబ్నం అంటే మంచుబిందువు, తబస్సుం అంటే చిరునవ్వు, రెండూ ఇప్పుడు అంతగా వినబడటం లేదు. మన వైపు క్రైస్తవులు బాప్తిస్మం పేరు బైబిలు నుంచి తీసుకున్నా, పిలుపు కోసం కరుణ, కృప, స్తుతి, కానుక వంటి తెలుగు మాటలను ఎంతో కాలంగా వాడుతున్నారు. కానుక అన్న పేరు మిగిలినవారికి ఎందుకు తోచలేదా అని నాకు ఆశ్చర్యం.

పేరు తప్పుగా నమోదైతే?

వెంటనే చూసుకుంటే సులువు, లేకపోతే కష్టం. మా తరళ పేరు కాగితం మీద మొదట "సరళ"గా పడింది. పుట్టిన ఆసుపత్రిలో కాగితం నింపినవారు, తరళ అన్న పేరు ఉండదని, మేమే తప్పు చెప్పామని అనుకొని తమంతట తాము దిద్దారట! మేమూ ధ్రువపత్రం చేతికి రాగానే పిల్ల బరువు, తేదీ చూసుకొని మురిసిపోయి బీరువాలో పెట్టేశాం. ఆధార్ కోసం బయటికి తీసిన నాడు తప్పు కనబడింది. అర్జీ, ఆసుపత్రి నుంచి ఉత్తరం, మా తరఫున ప్రమాణపత్రం, అన్నీ పెట్టి దిద్దించుకునేసరికి పిల్లకు నడక వచ్చింది. రాతలో దొర్లిన తప్పును దిద్దడానికి చట్టంలో వీలుంది. మనసు మారి పేరే మార్చుకుంటామంటే మాత్రం అంత తేలిక కాదు. కాబట్టి అరుదైన పేరును నోటిమాటగా చెప్పకండి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చేతికివ్వండి.

రెండు వైపులవారికీ పేరు కుదరకపోతే?

తల్లి పలికి చూడాలి. ఆమె నోటికి రాని పేరు ఎంత గొప్పదైనా ఇంట్లో నిలవదు.

బారసాల నాడు పేరు రాసిన బియ్యం ఏం చేయాలి?

కొందరు పురోహితుడికి ఇస్తారు, కొందరు వండుకుంటారు. మా ఇంట్లో ఆ బియ్యంతో బెల్లం పరమాన్నం చేశారు. వడ్డించే ముందు మేనత్త పళ్ళెం వైపు చూసి, "పేరు చెరిపేశారా, నేను ఫోనులో ఫొటో తీసుకోవాలనుకున్నానండీ" అంది.